రేవు పాటకు చివరి చరణం

"తిఖోన్ పేరు చెప్పందే నేను పాట ఎత్తను," అని గ్లఫీరా తలగుడ్డ ముడి బిగించుకుంది.

ఊరి క్లబ్బులో టీ కాచే సమోవర్ చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళచేత పాటలు పాడించే రీమా పట్నంలో సంగీతం చదువుకొచ్చిన పిల్ల. పాపం, దానికి ఏడుపొక్కటే తక్కువ.

"మీకెన్నిసార్లు చెప్పను గ్లఫీరా యెగోరొవ్నా? జిల్లా పండుగలో మనది జానపదాల విభాగం. జానపదానికి రాసినవాడంటూ ఉండకూడదు. పేరు చెప్పామా, వేదిక మీంచి దింపేస్తారు."

"దింపనీ. నా మొగుడు నా కళ్ళముందు, నా వంటింట్లో కూర్చుని కట్టిన పాట. కట్టినవాడే లేడని ఎలా చెప్పమంటావు?"

"లేడని చెప్పొద్దమ్మా, ఊరికే నోరు మూసుకోమంటోంది," అంది ఫ్యోక్లా చేపల రొట్టె నములుతూ. ఫ్యోక్లా చనిపోయిన తిఖోన్‌కి అక్క, గ్లఫీరాకి ఆడపడుచు. నోరు మూసుకోవడం గురించి ఆవిడ చెప్పడం మరీ విడ్డూరం.

"నువ్వు మాట్లాడకు వదినా. ఆ రోజు నువ్వు నోరు మూసుకుని ఉంటే ఈ రోజు నాకీ తిప్పలుండేవా?"

ఆ రోజు సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. తిఖోన్ రేవులో పడవ నడిపేవాడి కొడుకు. తమ్ముడు మీత్యా తండ్రి పడవలోనే ద్వినా నది దాటి యుద్ధానికి వెళ్ళాడు. చచ్చాడన్న కబురూ రాలేదు, బతికాడన్న కబురూ రాలేదు. యుద్ధం అయిపోయాక కూడా ముసలాయన రేవులో లాంతరు ఆర్పనిచ్చేవాడు కాదు. ఆ లాంతరును చూసే తిఖోన్ అకార్డియన్ మీద పాట కట్టాడు.

దీపమార్పకు తాతా, పడవ కట్టకు తాతా,
ఆవలి ఒడ్డున ఇంకొకడున్నాడు...

దుంగలు తేల్చుకుపోయే తెప్పలవాళ్ళు ఆ పాట నేర్చుకుని నది వెంట సముద్రందాకా తీసుకుపోయారు. అక్కణ్ణించి నావికులు పట్టుకుపోయారు, రైళ్ళలో సైనికులు అందుకున్నారు. పెళ్ళిళ్ళలో వోద్కా మూడో గ్లాసు పడిందంటే ఎవడో ఒకడు ఎత్తుకోవాల్సిందే. నదిలో తిరిగే స్టీమరు రేవుకొచ్చే ముందు ఆ వరసే మోగించేది. ఉయ్యాలలో పిల్లల్ని కూడా దాంతోనే నిద్రపుచ్చేవారు.

ఇంతలో పాటలు సేకరించే విద్యార్థిని ఒకమ్మాయి టేపు యంత్రం మోసుకుని ఊళ్ళోకి వచ్చింది. వచ్చింది వచ్చింది, శనివారం వచ్చింది. శనివారం సాయంత్రం మగవాళ్ళంతా ఆవిరి స్నానాల గదుల్లో బర్చ్ చెట్టు కొమ్మలతో వీపులు బాదుకుంటూ ఉంటారు, తిఖోన్ కూడా అక్కడే ఉన్నాడు. ఆడవాళ్ళు పాడారు. "ఈ పాట ఎవరిది?" అని అడిగిందా పిల్ల. ఫ్యోక్లా ఛాతీ విరుచుకుని, "ఎవరిదేమిటే, మాదే!" అంది. ఆ ఊళ్ళో అన్నీ అంతే. అడవి మాది, ఎలుగుబంటి మాది, పక్కింటి మేక కూడా మాదే. ఆ పిల్ల అలాగే రాసుకుని వెళ్ళిపోయింది. మరుసటేడు మాస్కో రేడియోలో పెద్ద బృందం పాడింది. పాడే ముందు, "రష్యన్ జానపదం" అన్నారు.

తిఖోన్ నవ్వి, టీ సాసర్లో పోసుకుని, "జనం పాటన్నారు, తిట్టలేదుగా," అన్నాడు. ఆయన నవ్వాడు గాని గ్లఫీరాకు నవ్వు రాలేదు. వాళ్ళకి పిల్లల్లేరు. పోయిన చలికాలం తిఖోన్ కూడా పోయాడు. ఇక ఆ పేరు మోయడానికి ఆ పాటొక్కటే మిగిలింది. అదీ మోయకపోతే ఆయన ఈ భూమ్మీద తిరిగిన గుర్తేముంటుంది? ఆవిడ బాధల్లా అదే.

చివరికి రీమా, "పండుగ జరిపే పెద్దవాళ్ళని అడిగి చూస్తాను, రండి," అని బతిమాలి స్టీమరు ఎక్కించింది. పట్నంలో అడిగింది కూడా. వాళ్ళు కుదరదన్నారు. వేదిక వెనక గదిలో ఆ మాట చెబుతుంటే పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గ్లఫీరా లేచి, తలుపు తోసుకుని, నేరుగా రేవువైపు నడిచింది.

"ఆగవే గ్లాషా! నా కాళ్ళు నీ కాళ్ళంత పడుచువా?" అంటూ ఇంట్లో పిలిచే ముద్దుపేరుతో కేకేసి, ఫ్యోక్లా రొట్టె మూటతో సహా గ్లఫీరా వెనకే పడింది.

రేవు దగ్గర చెక్క బల్లల మీద వేరే ఊరి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎర్రంచు సరఫాన్ గౌన్లు చూస్తే వాగా నది వైపు వాళ్ళని తెలుస్తోంది. తమ వంతు వచ్చేలోగా గొంతులు సవరించుకుంటున్నారు. గ్లఫీరా దగ్గరికి వెళ్ళేసరికి వాళ్ళలో పెద్దావిడ కళ్ళు మూసుకుని, "అగ్రిప్పీనా కొడుకు సావా," అంది. పక్కావిడ, "మా అన్న యెర్మోలా," అంది. ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్పాక అందరూ కలిసి ఎత్తుకున్నారు.

దీపమార్పకు తాతా, పడవ కట్టకు తాతా...

గ్లఫీరాకు ఒళ్ళు మండిపోయింది. పాట సగంలో ఉండగానే, "ఎవరిదమ్మా ఈ పాట?" అని అడిగింది.

పెద్దావిడ పాట ఆపకుండానే ఆగమని చెయ్యి చూపించింది. ఆవిడ పేరు ఉస్తీన్యా. ఆ చెయ్యి చూస్తే చేలో సగం జీవితం గడిపిన చెయ్యని తెలుస్తుంది. మూడు చరణాలూ అయ్యాయి. గ్లఫీరా ఎరిగిన పాట అక్కడితో సరి. వాళ్ళు మాత్రం ఆపలేదు.

పడవ దిగినవాడు నా కొడుకు కాడు తాతా,
ఏ తల్లి బిడ్డడో, ఆకలిగా ఉన్నాడు.
రొట్టె కోసి పెట్టాను, పక్క పరిచి వచ్చాను,
దీపమార్పకు తాతా, ఇంకొకడున్నాడు.

గ్లఫీరా బల్ల మీద కూలబడింది. తిఖోన్ ఆ నాలుగో చరణం కోసం ఏళ్ళ తరబడి కొట్టుకున్నాడు. మీత్యా వచ్చాడని రాస్తే అబద్ధం, రాడని రాస్తే తండ్రి గుండె ఆగిపోతుంది. రాసేవాడు, పొయ్యిలో పడేసేవాడు. "ముగింపు లేని పాట గ్లాషా, గడప లేని ఇల్లు," అనేవాడు. ఆ గడప ఎవరో ఎప్పుడో వేసేశారు, ఆయనకు తెలియనే తెలియదు.

"ఎవరు కట్టారు ఆ చరణం?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"మా అమ్మ అగ్రిప్పీనా," అంది ఉస్తీన్యా. "తన కొడుకు సావా కోసం రేవుకి పోయి చూసేది. ఓసారి వాడి బదులు ఎవడో దారి తప్పిన సిపాయి దిగాడు, ఎముకల గూడు. ఇంటికి తెచ్చుకుంది. మా చెల్లిని పెళ్ళి చేసుకుని మా ఊళ్ళోనే ఉండిపోయాడులే, ఇప్పుడు నలుగురు మనవలు. ఎందుకేడుస్తావు తల్లీ? నీకెవరున్నారు అవతలి ఒడ్డున?"

గ్లఫీరా చెప్పింది. మొగుడి సంగతి, పేరు సంగతి, లోపల వాళ్ళన్న మాట, అన్నీ చెప్పింది. ఉస్తీన్యా విని, గ్లఫీరా మోకాలి మీద ఒక్కటి చరిచింది.

"దీనికా ఏడుపు? పాట ఎవరు కట్టారో చెప్పొద్దన్నారు, అంతేగా? పేరే చెప్పొద్దనలేదుగా! మా ఊళ్ళో ఈ పాటకి ముందు అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళని తలుచుకుంటాం. లేకపోతే పాట పట్టదు. మీ ఆయన ఇప్పుడు ఏ ఒడ్డున ఉన్నాడు మరి?"

ఫ్యోక్లా మెల్లిగా అడిగింది. "పోయాడో ఉన్నాడో తెలియనివాడు కూడా... చెప్పొచ్చా? గుడిలో బతికున్నవాళ్ళ ప్రార్థనలో చేర్చాలో, పోయినవాళ్ళ ప్రార్థనలో చేర్చాలో తెలియక ఇన్నేళ్ళూ వాడి పేరెత్తలేదు నేను."

"అలాంటివాళ్ళ కోసమేనమ్మా ఇది," అంది ఉస్తీన్యా.

గ్లఫీరా ఆడపడుచు వైపు చూసింది. ఎన్నేళ్ళు సాధించింది ఈవిణ్ణి, ఆ ఒక్క మాట పట్టుకుని! నోటికి అడ్డూ అదుపూ లేదనుకున్న మనిషి తమ్ముడి పేరొక్కటి దిగమింగుకుని బతికిందని ఇప్పటిదాకా తోచలేదు. సిగ్గేసింది. లేచి ఫ్యోక్లా చెయ్యి పట్టుకుంది.

"నడు వదినా. రీమా ప్రాణం పోతుంటుందక్కడ."

రీమా వాళ్ళను చూసి శిలువ గుర్తు వేసుకుంది, అదీ ఛాతీ మీది కొమ్సమోల్ యువ కమ్యూనిస్టు బ్యాడ్జీ మీదుగానే. వేదిక మీద అందరూ వరసలో నిలబడ్డారు. "రష్యన్ జానపదం, రేవు పాట," అని చదివాడు ప్రకటనలు చేసే కుర్రాడు. గ్లఫీరా ఒక అడుగు ముందుకు వేసింది. పాట ఎత్తుతుందని అందరూ చూస్తున్నారు.

"తిఖోన్," అంది గట్టిగా.

పక్కన ఫ్యోక్లా, "మీత్యా," అంది. "మా మీత్యా."

వెనక వరసలోవాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అయినా ఒకావిడ, "మా నాన్న ప్రోఖోర్," అంది. మరొకావిడ ఇంకో పేరు చెప్పింది. ముందు కుర్చీల్లో కూర్చున్న పెద్దలు ఒకరి చెవిలో ఒకరు ఏదో గొణుక్కుంటున్నారు. అప్పుడు హాలు చివర్నించి ఎవరో ముసలాయన లేచి నిలబడి ఒక పేరు చెప్పాడు. ఆయన వెనక ఇంకొకరు, గోడ పక్కనించి ఇంకొకరు. హాలంతా ఒక్కొక్కరే లేచి పేర్లు చెబుతున్నారు. కాసేపటికి ముందు కుర్చీల్లోంచి మెడల్స్ పెట్టుకున్న ఆవిడ కూడా లేచింది.

తిఖోన్ పేరు అందరి పేర్లకన్నా పైన వినబడాలని ఇన్నాళ్ళూ గ్లఫీరా కోరిక. ఇప్పుడది వందల పేర్ల మధ్య కలిసిపోయింది. ఆవిడకు కొరతగా అనిపించలేదు. సంతోషంగానే ఉంది. మీత్యా పక్కన ఉన్నాడు కదా, తిఖోన్‌కి అంతకన్నా ఏం కావాలి?

రీమా గుమ్మం దగ్గర నిలబడి, మొదలుపెట్టండి అన్నట్టు చేతులు ఊపుతోంది. గ్లఫీరా తల అడ్డంగా ఊపింది. ఇంకా పేర్లు చెబుతున్నవాళ్ళున్నారు. అందరిదీ అయ్యేదాకా ఆగి, అప్పుడు పాట ఎత్తుకుంది.