ఇంటర్వెల్ తర్వాత

“కాస్త ఆ పెట్టె వెనక దుమ్ము తుడువు, ఊపిరాడక చస్తోంది,” అన్నాడు భర్త బూట్లకి లేసులు కట్టుకుంటూ.

ఊపిరాడనిది సర్వర్‌కి. చెప్పుల అలమార మీద నల్లగా కూర్చుని, పగలనక రాత్రనక గుర్రుమంటూ ఉండే పెట్టెకి. ఒక చేత్తో ఇస్త్రీపెట్టె, ఇంకో చేత్తో పాప యూనిఫాం పట్టుకుని నిలబడ్డ మనిషికి ఊపిరాడుతోందో లేదో కనుక్కునే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. “మధ్యాహ్నం ప్లంబర్ వస్తాడు, ఈసారైనా దగ్గరుండి చేయించు,” అని చెప్పి పాపని బండెక్కించుకుని వెళ్లిపోయాడాయన. దగ్గరుండడానికే ఆమె ఆఫీసుకి సెలవు పెట్టింది. గొట్టం కారితే సెలవు ఆమెది, పాపకి జ్వరమొస్తే సెలవు ఆమెది. ఎవరు పెడతారని ఆ ఇంట్లో ఏనాడూ మాటవరసకైనా అనుకోలేదు.

ఆ పెట్టెని కొన్నది మాత్రం ఆయనే. అబ్బో, కొన్నరోజు ఎంత హడావిడి! సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు అన్నీ ఇందులోనే ఉంటాయన్నాడు. మనం టీవీలో చూసుకోవచ్చు, వేరే ఊళ్లో అక్క దగ్గరున్న అమ్మ కూడా అక్కణ్ణుంచే చూసుకోవచ్చన్నాడు. ఆదివారం పొద్దున్న కాసేపు దానితో కుస్తీపట్టి, “దిక్కుమాలిన పెట్టె, వాపసు ఇచ్చేస్తా,” అని విసుక్కుని ముసుగుతన్ని పడుకున్నాడు. అప్పుడు ఆమె కూర్చుంది, ఒక కన్ను స్టవ్ మీది పాల మీద ఉంచి. పాత డిస్కుల్లో ఉన్నవన్నీ అందులోకి ఎక్కించింది, టీవీకి కలిపింది. ఇంట్లో చూడ్డానికి అంతటితో సరిపోతుంది. బయటి ఊళ్లో వాళ్లకి కనిపించాలంటేనే తలనొప్పి. వైఫై పెట్టె సెట్టింగుల్లోకి వెళ్లి, బయటినుంచి లోపలికి ఒక దారి తెరవాలి. చదివింది, తప్పు చేసింది, మళ్లీ చదివింది. సాయంత్రానికి దారి తెరుచుకుంది. ఆ సంబరం పట్టలేక అత్తగారికి ఫోన్ చేసింది. “మావాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా, పట్టాడంటే వదలడు,” అని ఆవిడ మురిసిపోయింది.

తర్వాత ఆయన స్నేహితులు వచ్చారు. “ఇదంతా నేనే సెట్ చేశా,” అన్నాడు టీవీ ముందు నిలబడి. “మరి మీరేం చేశారండీ?” అని ఒకాయన ఆమెని మర్యాదకి అడిగాడు. “మా ఆవిడా? దుమ్ము తుడుస్తుంది!” అన్నాడు భర్త. అందరూ పగలబడి నవ్వారు. కాఫీ కప్పులు పట్టుకుని ఆమె కూడా నవ్వింది. ఆయన అన్నమాట ఎలాగో మింగేసింది గానీ, తన నవ్వు మాత్రం ఆమెకి ఈనాటికీ గొంతు దిగలేదు.

అక్కడితో అయిపోలేదు. ఆఫీసులో ఉండగా ఆడపడుచు ఫోను. “అమ్మాయ్, మళ్లీ తెరమీద గుండ్రంగా తిరుగుతోందే! అమ్మ చూస్తూ చూస్తూ ఉంటే ఆగిపోయింది. కాస్త చూడవూ?” తమ్ముణ్ణి అడగొచ్చుగా అంటే, “పాపం వాడు పనిలో ఉంటాడు కదే,” అంటుంది. మరి ఈవిడ ఆఫీసుకెళ్లి గోళ్లు గిల్లుకుంటోంది కాబోలు! ఓసారి మేనేజర్ విని, “మీ ఇంటి టీవీ రిపేరు అయ్యాక మన పని చూద్దామా, మేడమ్?” అన్నాడు. పక్క సీట్లవాళ్లు తలలు దించుకున్నారు.

టీవీ పెడితే తెరమీద పేర్లు వరసగా వస్తాయి. భర్త, పాప, అత్తగారు, ఆడపడుచు. ఆమె పేరు లేదు. వద్దని ఎవరూ అనలేదు. ఆ ఆదివారం పేర్లు ఎక్కిస్తూ తన పేరుదాకా వచ్చేసరికి స్టవ్ మీద పాలు పొంగాయి, లేచి వెళ్లింది, అంతే.

పోయినసారి ప్లంబర్ కోసం సెలవు పెట్టినప్పుడు, వాడు ఎంతకీ రాకపోతే, భర్త పేరు నొక్కి ఒక పాత సినిమా పెట్టుకుంది. లారీ నడిపే ఒకావిడ కథ. చిన్నప్పుడు హాల్లో సగమే చూసింది. ఇంటర్వెల్ కాగానే తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు. “నువ్వు ఎత్తుకుని బయట తిప్పు,” అన్నాడు నాన్న. మూసిన తలుపు అవతల, తమ్ముణ్ణి చంకనేసుకుని, లోపలినుంచి వచ్చే చప్పుడు వింటూ నిలబడింది. సినిమాలో మరిది లాక్కున్న లారీ ఆవిడకి చివరికి దక్కిందో లేదో ఇంతవరకూ తెలియదు. తెలుసుకోవాలని ఎంత ఆశో! పెట్టి కాసేపైనా కాకముందే ఆఫీసునుంచి భర్త ఫోను. ఎవరేం చూస్తున్నారో ఆ బయటి దారిగుండా ఆయన ఫోన్లో కనిపిస్తుంది. “ఏంటీ, సెలవు ఇందుకా? సినిమా బాగుందా?” అని నవ్వాడు. ఆ సాయంత్రం స్పీకర్ పెట్టి వాళ్లమ్మకీ చెప్పాడు. “పోనీలేరా, ఎప్పుడూ పనేనా,” అని, “గొట్టం బాగుచేయించిందా మరి?” అందావిడ. మళ్లీ ఆమె టీవీ జోలికి పోలేదు. తన ఇంట్లో, తను ఒక్కతే ఉన్నప్పుడు కూడా, ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టే ఉండేది.

ఈరోజు ప్లంబర్ చెప్పిన వేళకే వచ్చి, గొట్టం మార్చి వెళ్లిపోయాడు. ఆమె నేల తుడిచింది. గుడ్డ పట్టుకుని పెట్టె దగ్గరికి వెళ్లింది, వెనకున్న దుమ్మంతా తుడిచింది. వేళ్లకి వెచ్చగా తగిలింది. గుడ్డ అక్కడే పడేసి, ఫోన్లో వైఫై సెట్టింగులు తెరిచింది. ఆ రోజు సాయంత్రందాకా తంటాలుపడి తెరిచిన దారి, మూయడానికి ఒక్క నొక్కు సరిపోయింది. టీవీ పెట్టి, వరస చివర తన పేరు చేర్చింది. లారీ ఆవిడ సినిమా మొదట్నుంచీ పెట్టుకుంది.

ఇంటర్వెల్ అని తెరమీద పడ్డాక ఫోను మోగింది.

“ఏమైంది? అమ్మకి రావట్లేదని అక్క గోల. నా ఫోన్లోనూ తెరుచుకోవట్లేదు. పెట్టె పోయిందా?”

“లేదండీ, శుభ్రంగా నడుస్తోంది. బయటి దారి మూసేశాను.”

“మూసేశావా? ఎవర్ని అడిగి?”

ఆమెకి సాయంత్రం ఆయన వచ్చాక ఏమవుతుందో తెలుసు. అత్తగారి ఫోను, ఆడపడుచు ఫోను, తిండి దగ్గర ముభావం, అన్నీ తెలుసు. అయినా రిమోట్ మాత్రం వదల్లేదు.

“వెంటనే తెరువు. అమ్మ కూర్చుని ఉందక్కడ!”

“అంతా మీరే సెట్ చేశారు కదండీ,” అంది ఆమె. “మీరే తెరుచుకోండి.”