తడి ఆరని చుట్టు

కమలకుమారి నాలుగు వేళ్ళు కలిపి ఎవెలిన్ నెత్తికి ఆనించింది. బెత్తెడు దాటిన జుట్టంతా కత్తెరకు ఇచ్చేసింది. కెనడాలో, హామిల్టన్‌లోని ఆ వృద్ధుల హోమ్‌లో, లాండ్రీ పక్కనున్న ఇరుకు సెలూన్ గదిలో, పద్దెనిమిదేళ్ళుగా ఆమెది ఇదే పని. కంట్లో శుక్లం తీయించుకుని మూడు వారాలు ఇంట్లో కూర్చునేసరికి, ఈ జుట్టు మీద లక్ష్మీకాంతం తన పనితనం చూపించింది. లక్ష్మీకాంతం అక్కడే ముసలివాళ్ళకు స్నానాలు చేయించే మనిషి. మనసు మంచిదే, చెయ్యే తొందర.

"నీట్‌గానే చేశా కదే కమలా! చుట్టూ ఒకే లెవెల్‌లో ట్రిమ్ చేశా," అంది గుమ్మంలోంచి.

"జడ కొస కత్తిరించినట్టు కత్తిరించావు తల్లీ. ఈవిడకి జడేదే? బరువంతా కిందే ఉండిపోయింది. బరువున్న జుట్టు చుట్టు తిరగదు."

"మూడింటికి ఫొటో. తొంభై తొమ్మిదో బర్త్‌డే. కేక్ కూడా వచ్చేసింది. అవుతుందా మరి?"

"నువ్వు గుమ్మం వదిలితే అవుతుంది."

ఎవెలిన్ అద్దంలోంచి ఇద్దర్నీ చూస్తోంది. తెలుగు రాకపోయినా తన జుట్టు మీద తగవని తెలుస్తూనే ఉంది. పొద్దున్నుంచీ ఆమెది ఒకటే ప్రశ్న: ఆ ఫొటోలోలా వస్తుందా?

అద్దం మూలకు అంటించి ఉంది ఆ ఫొటో. రెండో ప్రపంచయుద్ధానికి స్టీలు మిల్లులో గుండ్లు చేసిన పద్దెనిమిదేళ్ళ ఎవెలిన్. నెత్తిన రుమాలు, దాని ముందు గుత్తులుగా ఉంగరాలు. పొడుగు జుట్టు యంత్రంలో పడితే మనిషినే లాగేస్తుందని మేస్త్రీ కత్తిరించుకోమన్నాడట. ఆడపిల్లలంతా కత్తిరించుకున్నారు, అందమూ వదులుకోలేదు. నెత్తినంతా బెత్తెడు, మెడ దగ్గర గుర్రపు నాడా వంపు, ప్రతి పాయకూ కొస పలచన. అప్పుడే పాయ తనంతట తాను చుట్టుకుంటుంది.

ఇదంతా కమలకుమారికి నేర్పింది ఎవెలినే. తెనాలిలో పెళ్ళికూతుళ్ళకు పూలజడలు వేసిన చెయ్యి కమలకుమారిది. పొడుగు చాలకపోతే సవరం కట్టిన చెయ్యి. భర్త అనంత్ మిల్లు ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చి, అతను పోయాక కత్తెర పట్టింది. మొదటి రోజు ఆడమనిషి జుట్టు మెడపైకి కోయడానికి చెయ్యి రాలేదు. కొసలు గీసి వదిలేసింది. సాయంత్రానికి చుట్లన్నీ వేలాడిపోయాయి. "మళ్ళీ పెరుగుతుంది, కొయ్యి!" అని ఇంగ్లీషులో గదిమింది ఎవెలిన్. ఆ మాటకు కమలకుమారికి ఏడుపొచ్చింది. ఎందుకో ఆమెకే తెలియదు.

ఇవాళ కోత అయ్యాక, అవిసె గింజలు ఉడికించి వార్చిన జిగురు రాసింది. యుద్ధం రోజుల్లో సీసాల సరుకు దొరక్క ఇదే రాసేవారట. పొడి కొట్టుకుని అన్నంలో తినాల్సింది నెత్తికి పూస్తావేమిటని లక్ష్మీకాంతం ఎప్పుడూ వేళాకోళం. తడిపాయను కొస లోపలికి పోయేలా, జంతిక చుట్టినట్టు చుట్టి, నెత్తికి అణిచి, రెండు పిన్నులు అడ్డదిడ్డంగా గుచ్చింది. నలభై చుట్లు, ఎనభై పిన్నులు. అన్నీ ఎవెలిన్ టాఫీ డబ్బాలోవే. ఆ రోజుల్లో ఇనుమంతా గుండ్లకే పోయేది. పిన్ను పోతే ఇంకోటి లేదు. అందుకే విప్పిన ప్రతిసారీ ఎవెలిన్ లెక్క చూసుకునేది.

"ఆరేదాకా విప్పకు," అంది ఎవెలిన్, ఎప్పటిలాగే.

వల కట్టి, కిటికీ ఎండలో కూర్చోబెట్టింది. తాను వెళ్ళి పెరుగన్నం తిని, పై అంతస్తులో ఒక ముసలాయనకు గడ్డం గీసి, రెండున్నరకు తిరిగి వచ్చింది. లక్ష్మీకాంతం కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఉంది. నర్సు గడియారం చూసి కాగితం మీద ఏదో రాస్తోంది.

"నిద్రపోతోందనుకున్నానే," అంది లక్ష్మీకాంతం.

కమలకుమారి చేతులు కడుక్కుంది. పది నిమిషాలు ఇమ్మని నర్సును అడిగింది. వల విప్పి, పిన్నులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. చుట్లు జారలేదు. బ్రష్‌తో దువ్వినకొద్దీ ఒకదానిలో ఒకటి కలిసి, నుదుటి మీద అలలా లేచి నిలబడ్డాయి. ఫొటో వంక చూసి, కణత దగ్గర కాస్త సర్దింది.

ఎడమ చెవి వెనక ఆఖరి చుట్టు వేలికి చల్లగా తగిలింది. దాన్ని ముట్టుకోలేదు.

"ఒకటి మర్చిపోయావే."

"ఇంకా ఆరలేదు."

మూడింటికి తెల్లదుప్పటి కప్పి తీసుకెళ్ళారు. అద్దం ముందు టాఫీ డబ్బా మూత తెరిచే ఉంది, అందులో డెబ్బై ఎనిమిది పిన్నులతో.