పెద్దసారు నిలబడి వెళ్లిన ప్యాసింజర్

రేపల్లె నుంచి తెనాలి బడికి రోజూ పొద్దుటి ప్యాసింజర్‌లో వెళ్లే రిబ్కా టీచరుకు ఆ రైలంటే అసహ్యం. సీజన్ టిక్కెట్ల సంఘమంటే అంతకు రెట్టింపు. సంఘం అధ్యక్షుడు సుందరయ్య, బొగ్గింజను పోయి డీజిలు వచ్చిన రోజున, తానే మోసుకొచ్చినట్టు దాని ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఇంజను మారింది గానీ ఆలస్యం మారలేదు. ఆలస్యమైనప్పుడల్లా హెడ్‌మిస్ట్రెస్ రిబ్కాకు సగం రోజు సెలవు కోసేది.

తొంభై మూడు ఎండాకాలంలో రైల్వే పెద్దసారొకడు తనిఖీకి వచ్చాడు. తిరుగుదారిలో ఆయన స్పెషల్ ముందు పోవాలని ప్యాసింజర్‌ను వేమూరులో ఆపేశారు. జనం పెట్టెల్లో ఉడికిపోతుండగా అవతలి లైనులోకి వచ్చిన స్పెషల్ ఇంజను నల్లగా పొగ కక్కి, ఇక కదలనని మొరాయించింది. పెద్దసారుకు తెనాలిలో మరో రైలు అందాలి. గత్యంతరం లేక ప్యాసింజరెక్కాడు.

సుందరయ్య పూలదండతో పరిగెత్తుకొచ్చి ఆయన మెడలో వేసి, కిటికీ పక్కనున్న రిబ్కా వైపు తిరిగాడు.

"టీచరమ్మా, కాస్త లేమ్మా. సారు కూచుంటారు."

"మీ సీటివ్వండి."

"నాకు మోకాళ్ల నొప్పులమ్మా!"

"మరి దండ పట్టుకుని అట్టా ఎట్టా ఉరికారండీ?"

పెట్టె పెట్టంతా పగలబడి నవ్వింది. పెద్దసారు మెడలో దండతో, చెమటలు కారుతూ, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"రోజూ ఇంతేనా?" అన్నాడు.

"మీ దయవల్ల అంతా సౌకర్యమేనండి," అన్నాడు సుందరయ్య.

"ఇవాళే నయం సార్," అంది రిబ్కా. "మీరున్నారని డ్రైవరు తోలుతున్నాడు. మీరు దిగిపోతే మా గతి మామూలే."

పెద్దసారు ముఖం కందింది. "టైముకు వచ్చేట్టు చూస్తానమ్మా," అన్నాడు. ఆ మాట ఎందుకో రిబ్కా నమ్మింది. తర్వాత తనను తానే తిట్టుకుంది.

కొత్త టైంటేబుల్ వచ్చింది. రైలు తెనాలి చేరే వేళను ముప్పావుగంట పొడిగించారు. ఆలస్యాన్నే అచ్చు వేయించి టైమన్నారు! ఇక ప్యాసింజర్ రోజూ టైముకే చేరింది. ఆ ఘనత సాధించినందుకు సంఘం సుందరయ్యకు శాలువా కప్పింది.

ఆ మరుసటి సోమవారం నుంచి రిబ్కా బస్సు పట్టింది. ముందు సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని సుందరయ్య కనిపించాడు.

"ఏంటండీ, రైలు టైముకే వస్తోందిగా?"

"ఆఫీసుకు ఆలస్యమైపోతోందమ్మా," అని గొణిగి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.