నల్లకుక్క రొట్టె

"ఏవండీ, ఈ కుక్కలు ఏదో ఒకరోజు పిల్ల మీద పడతాయండీ" అన్నాను, రొట్టెల పిండి పిసుకుతూ.

"పొద్దున లేస్తే నీకు భయమే. గ్యాసు వాసనొస్తే భయం, పిల్ల తుమ్మితే భయం" అన్నారు మా ఆయన, తల తుడుచుకుంటూ.

శనివారాలు మా ఇంట్లో మొదటి రొట్టె కుక్కది. ప్రమోషన్ రెండుసార్లు తప్పిపోయాక, ఈయన ఆఫీసులో తివారీగారు శనిదోషం అన్నాడట. నల్లకుక్కకి ఆవనూనె రాసిన రొట్టె పెడితే పోతుందట. ఆ నూనె ఘాటుకి నాకు కళ్ళు తిరుగుతాయి. మా గుంటూరువైపు దాన్ని ఒంటికి కూడా రాసుకోం. అయినా తెల్లారకముందే లేచి, పిల్ల టిఫిను పక్కనపెట్టి, ముందు ఆ రొట్టెలే కాల్చాలి. ఈయన స్నానం చేసొచ్చి గేటు దగ్గర నిలబడి విసురుతారు. పుణ్యం ఈయనది, పెనం మసి నాది. నల్లది ఒక్కటే వస్తుందా? గల్లీలో ఉన్నవన్నీ వస్తాయి. శనివారం అని వాటికేం తెలుసు? మిగతా రోజులు కూడా మా గేటు ముందే ఆకలితో కాచుకుని కూర్చుంటాయి.

ఆ సోమవారం స్నిగ్ధ టిఫిను డబ్బా పట్టుకుని గేటు దాటిందో లేదో, మీదికి దూకాయి. మూలమీద బట్టలు ఇస్త్రీ చేసే రామ్‌కలీ కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చి తరిమింది. పిల్ల మోకాలు చెక్కుకుపోయింది, గౌను చిరిగింది. పన్ను దిగిందా లేదా అని ఒళ్ళంతా తడిమి చూశాను. బొడ్డు చుట్టూ వేసే సూదులే కళ్ళముందు ఆడాయి.

"కరవలేదు కదా, ఇంకేంటి?" అన్నారు ఈయన.

"కార్పొరేషన్‌కి ఫోన్ చేస్తానండీ."

ఈయన ఉలిక్కిపడ్డారు. "మన పేరు రాకూడదు. ఇంటాయన వింటే ఖాళీ చేయిస్తాడు. ఎవరు పెడుతున్నారని అడిగితే ఆ ఇస్త్రీదాని పేరు చెప్పు. ఎలాగూ రోడ్డుమీదే ఉంటుందిగా."

మర్నాడు ఈయన ఆఫీసుకెళ్ళాక స్నిగ్ధని తీసుకుని టెలిఫోన్ బూత్‌కి వెళ్ళాను. నా హిందీ కూరల బేరానికి సరిపోతుంది అంతే. మాట తడబడితే అందిస్తుందని దాన్ని పక్కన నిలబెట్టుకున్నాను. ఎంతోసేపు మోగాక ఎవరో ఎత్తారు. గల్లీ పేరు, పిల్ల పడిపోయిన సంగతి చెప్పాను.

"చంపకండి భయ్యా. నల్లది కడుపుతో ఉంది" అని కూడా అన్నాను.

అవతలాయన విసుక్కోలేదు. "పట్టుకెళ్తే ఏం లాభం బెహన్‌జీ? తిండి దొరికేచోటికి వేరేవి వస్తాయి. ముందు పెట్టేవాళ్ళని ఆపాలి. ఖానా కౌన్ డాల్తా హై?" తిండి ఎవరు పెడుతున్నారని అడిగాడు.

రామ్‌కలీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈ సాయంత్రం ఇంట్లో గొడవుండదు. చెబితే రేపు ఆమె ఇస్త్రీ బల్లని రోడ్డుమీంచి లాగిపారేస్తారు. చెప్పకపోతే సామాన్లు సర్దుకోవాలేమో, ఈ ఊళ్ళో ఇంకో ఇల్లెక్కడ, పిల్ల బడేం కావాలి? వచ్చే శనివారం పిండి కలుపుతున్న నా చేతులు కనిపించాయి. ఆ వెనకే మళ్ళీ గేటు దాటుతున్న పిల్ల.

"హలో? హలో?" అంటున్నాడాయన.

స్నిగ్ధ నా కొంగు లాగింది. "మమ్మీ, బోలో నా. రామ్‌కలీ ఆంటీ నహీ డాల్తీ" అంది, పెట్టేది ఆమె కాదని చెప్పమంటూ.

బూత్ గోడమీద మీటరు తిరుగుతూనే ఉంది. అవతలాయన ఇంకా ఫోన్ పెట్టెయ్యలేదు.

"హమారే ఘర్ సే, భయ్యా, మా ఇంట్లోంచే" అన్నాను. "రొట్టెలు చేసేది నేనే. ఇక చెయ్యను."