మొలవని గింజ

వారం కిందటే కుళ్లిపోయిన గింజ రాత్రికి రాత్రే జానెడు మొక్కయిందని కంప్యూటరు తెర చెబుతోంది.

ఆమె కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ఏమీ మారలేదు. ఆ గింజ ఒక్కటే కాదు, తరగతిలో పిల్లలందరి మొక్కలూ ఒకే ఎత్తున, ఒకే వాలున, కవాతుకు బయల్దేరిన సిపాయిల్లా పైకి పోతున్నాయి. నిన్న బడి వదిలి తను ఇంటికి వెళ్లేటప్పుడు ఇదే గ్రాఫు పిల్లి ఆడుకున్న దారపుండలా చిక్కుచిక్కుగా ఉంది. ఆ చిక్కే ఇవాళ్టి పాఠం. ఇప్పుడు చిక్కూ లేదు, పాఠమూ లేదు.

కాసేపట్లో ఎగ్జామినరు వస్తుంది.

ఉపాధ్యాయ శిక్షణలో ఇది చివరి పరీక్ష. నిజమైన బడిలో, నిజమైన పిల్లలకు, వెబ్ పరికరం ఒకటి వాడి పాఠం చెప్పి చూపించాలి. పోయినేడు పాఠం మధ్యలో నెట్ పోతే నోట మాట రాక స్తంభంలా నిలబడిపోయింది. తప్పింది. కాలేజీ రెండు అవకాశాలే ఇస్తుంది, మూడోది లేదు. ఇవాళ కూడా తప్పితే రికార్డుల్లోంచి పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత ఏ బడి గడపా టీచరుగా ఎక్కడానికి లేదు.

"మా మరదలు టీచరయ్యేలోపు నేను మళ్లీ ఒకటో తరగతిలో చేరి పాసైపోతాను," అని బావ కంచం ముందు కూర్చున్నప్పుడల్లా అంటాడు. అక్క మాత్రం నవ్వదు. అక్కకి బట్టల కొట్టులో పని. పొద్దున్నుంచి నిలబడీ నిలబడీ వాచిన కాళ్లతో ఇల్లు చేరుతుంది. "దీని సంగతేదో తేలిపోతే నేనూ కాస్త కూర్చుంటాను," అని ఒక్కసారి అంది. ఆ మాట బావ హాస్యం కన్నా లోతుగా దిగింది.

అందుకే ఈసారి ఆమె ఏ లోటూ రానివ్వలేదు. కాలేజీలో కంప్యూటర్ మేడమ్ నేర్పిన ఉమ్మడి పేజీ ఒకటి తయారుచేసింది. ఏడో తరగతి పిల్లలు ఒక్కొక్కరూ గాజుగ్లాసులో తడి దూది పరిచి చిక్కుడు గింజ పెట్టారు. సాయంత్రం కాగానే స్కేలుతో ఎత్తు కొలిచి, ఇంట్లో ఫోనులోంచి పేజీలో తమ వరుసలో అంకె వేయాలి. ఆ అంకెలు వాటంతటవే గీతలవుతాయి. ఎవరి వరుస వాళ్లే మార్చగలరు. అందరి వరుసలూ మార్చగలిగేది ఆమె ఖాతా ఒక్కటే.

పిల్లల అంకెలు పిల్లల్లాగే ఉన్నాయి. ఒకడి మొక్కను పిల్లి కొరికితే వాడి గీత ఎక్కినంతా దిగింది. ఒకమ్మాయి పందెం గెలవాలని గ్లాసుతో సహా కొలిచింది. బొత్తిగా నోరు విప్పదని తోటివాళ్లు మౌనవ్రతం అని పేరు పెట్టిన పిల్ల గింజ కుళ్లిపోయింది. అయినా ఆ పిల్ల ఒక్క సాయంత్రమూ మానకుండా సున్నా వేస్తూ వచ్చింది. ఆ పిల్ల గీత నేలకు అంటుకుని పడుకుంది. ఆ గీతను చూపించి, అలా ఎందుకైందని పిల్లల చేతనే చెప్పించాలి. పాఠమంతా దాని మీదే కట్టుకుంది.

పేజీకి పాత స్థితి గుర్తుంటుందని మేడమ్ చెప్పిన మాట అదృష్టం బాగుండి గుర్తొచ్చింది. వెతికింది. మార్పులన్నీ నిన్న బడి వదిలాక జరిగాయి. ఎవరు చేశారన్న చోట ఆమె పేరే ఉంది. తన పేరు చూసుకుని తనే ఉలిక్కిపడింది.

నిన్నటి స్థితికి తిప్పమని నొక్కింది. చక్రం తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ప్రాణం కడబట్టినప్పుడు గీతలు ఒక్కసారిగా చెదిరి పాత చిక్కు తిరిగొచ్చింది. వెంటనే పాస్‌వర్డ్ కూడా మార్చేసింది. అప్పటికే తెరిచి ఉన్న చోట్ల ఖాతా దానంతటది మూసుకోదన్న సంగతి ఆ కంగారులో తట్టలేదు.

పాత పాస్‌వర్డ్ తెలిసినవాడు ఇంకొక్కడే. ఇదే బడికి వచ్చిన తోటి ట్రైనీ టక్కు. సెలవు రోజున కూడా చొక్కా టక్కు చేసుకునే తిరుగుతాడని ఆ పేరు. కాలేజీ ల్యాబులో ఇద్దరూ పక్కపక్కన కూర్చునే పేజీలు కట్టారు. మొన్ననే ఈ గ్రాఫు చూసి, దీన్ని చూస్తే ఎగ్జామినరుకు కళ్లు తిరుగుతాయి, కాస్త దువ్వెన పెట్టి దువ్వకూడదా అని ఎగతాళి చేశాడు.

వరండాలో అతన్ని పట్టుకుంది.

"నా పేజీలో వేలు పెట్టావా?"

"పొద్దున్నే ఏంటిది?"

"పాస్‌వర్డ్ నీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలీదు."

టక్కు ఆమె మొహంలోకి చూశాడు. నవ్వుతుందేమోనని ఆగాడు. ఆమె నవ్వలేదు.

"పోయినేడు నువ్వు తప్పిన రోజు గేటుదాకా నీ సంచీ మోసింది ఎవరే?"

"అడిగినదానికి చెప్పు."

తను చేయలేదని చెప్పాడు. ఇక తనతో మాట్లాడొద్దని కూడా చెప్పాడు. పరీక్ష జరుగుతున్నంతసేపూ వెనక బెంచీలో కూర్చుంటానని, నెట్ మొరాయిస్తే తన ఫోనుతో ఆదుకుంటానని మాటిచ్చినవాడు కాస్తా పుస్తకాలు చంకన పెట్టుకుని ఆరో తరగతి గదిలోకి వెళ్లిపోయాడు.

ఎవరికైనా చెప్పుకోవాలనిపించి స్టాఫ్ రూమ్‌కి వెళ్లింది. సైన్సు మాస్టారు అక్కడే ఉన్నారు. ఏడో తరగతి ఆయనదే. శిక్షణ కోసం కొన్నాళ్లపాటు ఆమెకు అప్పగించారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఎక్కడ నిలబడితే ఆఖరి బెంచీకి బోర్డు కనబడుతుందో, గొంతు చించుకోకుండా గది మొత్తానికి ఎలా వినిపించాలో ఆమెకు నేర్పింది ఆయనే. బదులుగా ఆమె భోజనం గంటలో ఆయనకు కంప్యూటరు నేర్పింది. మొదట్లో మౌసు ముట్టుకుంటే కరుస్తుందన్నట్టు చూసేవారు. ఏది నొక్కినా "ఏం పాడవదు కదమ్మా?" అని అడిగేవారు. ఇప్పుడు ఒక్క వేలితో అంకెలు కొడుతున్నారు. పిల్లల మొక్కలు రోజూ చూసుకుంటానని ఆయన ముచ్చటపడితే, స్టాఫ్ రూమ్ కంప్యూటరులో పేజీని తెరిచి ఉంచింది. ఆయన్ను ఆ మాత్రం దారిలో పెట్టినందుకు లోలోపల గర్వం కూడా ఉండేది.

జరిగింది చెప్పబోయి ఆగిపోయింది. పెద్దాయన, కంగారుపడతారు. పైగా పేజీ మామూలైపోయింది కదా.

"ధైర్యంగా వెళ్లు తల్లీ," అన్నారు మాస్టారు. "నా చేతిమీదుగా పరీక్షకెళ్లినవాళ్లు ఎవరూ తప్పలేదు."

పరీక్ష సమయంలో ఆ తరగతి అసలు ఉపాధ్యాయుడు గదిలో ఉండకూడదన్నది నియమం. తను ఇక్కడే ఉండి కంప్యూటరులో చూస్తుంటానని ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

ఎగ్జామినరు చెప్పిన సమయానికే వచ్చింది. సన్నటి మనిషి. పెన్ను మూత పళ్లమధ్య పెట్టుకుని వెనక బెంచీలో, టక్కు కూర్చోవాల్సిన చోట కూర్చుంది. ప్రొజెక్టరు వెలిగింది. గోడ నిండా గీతలు చిక్కుపడి నిలిచాయి. ఆమె పాఠం మొదలుపెట్టింది. పిల్లి కొరికిన మొక్క వాడు లేచి పిల్లి మీద చాడీలు చెప్పాడు. తరగతి నవ్వింది. గ్లాసుతో కొలిచిన అమ్మాయి తన తప్పు తనే కనిపెట్టి నాలుక కరుచుకుంది. పాఠం తన కాళ్ల మీద తను నడుస్తోంది.

అప్పుడు ఆమె మౌనవ్రతాన్ని లేపింది. నీ గీత ఎందుకు పడుకుందని అడిగింది.

ఆ పిల్ల చాలాసేపు బెంచీ అంచు గీకింది. తర్వాత, "నీళ్లు ఎక్కువ పోశాను టీచర్," అంది. "తొందరగా రావాలని."

ఎగ్జామినరు రాయడం ఆపి తలెత్తింది. పెన్ను మూత పళ్లమధ్యనుంచి తీసింది. ఆ మొహంలో మెచ్చుకోలు లాంటిదేదో కదలడం ఆమె చూసింది. ఈ ఏడాదంతా ఎదురుచూసింది దానికోసమే.

సరిగ్గా అప్పుడే గోడమీద ఆ గీత కదిలింది.

నేలకు అంటుకున్న గీత మెల్లగా తల ఎత్తింది. ఒక మెట్టు ఎక్కింది. కాస్త ఆగి ఇంకో మెట్టు ఎక్కింది.

"టీచర్, మౌనవ్రతం మొక్క మొలుస్తోంది," అన్నారెవరో. పిల్లలు విరగబడి నవ్వారు.

ఆమె చేతులు గాల్లోనే ఉండిపోయాయి. కంప్యూటరు ఆమెకు రెండడుగుల దూరంలో ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పిల్లి కొరికిన గీత దిగడం మానేసి పైకి తిరిగింది. దాని పక్కది తిన్నబడింది. అది చూసి ఇంకోటి. ఎవరో కనబడని మనిషి గోడ ముందు నిలబడి, చిక్కుపడ్డ దారాలను ఓపిగ్గా ఒక్కొక్కటే విడదీస్తున్నట్టుంది.

పరుగున వెళ్లి ప్రొజెక్టరు ఆర్పేసింది. అది ఇంకా పెద్ద తప్పయింది. ఎగ్జామినరు లేచి వచ్చి, మళ్లీ వెలిగించమంది. మార్పులు ఎవరి పేరున జరుగుతున్నాయో చూపించమంది. చూపించక తప్పలేదు.

"మీ చేతులు ఖాళీగానే ఉన్నాయి," అంది ఎగ్జామినరు, పిల్లలకు వినబడనంత మెల్లగా. "మార్పులు మాత్రం మీ పేరుతోనే పడుతున్నాయి. బయట మీకు సాయం చేసేవాళ్లు ఎవరో ఉన్నారు."

ఎవరూ లేరని, పొద్దున కూడా ఇలాగే జరిగిందని, తను సరిచేసుకున్నానని ఆమె తడబడుతూ చెప్పింది. పొద్దునే జరిగితే పాఠానికి ముందు తనకెందుకు చెప్పలేదని ఎగ్జామినరు అడిగింది. చెప్పడానికి ఏముంది? దాచాలనుకోలేదు, గట్టెక్కాలనుకుంది. బయటివాళ్లకు రెండూ ఒకలాగే కనబడతాయి.

"అది నా గీత కాదు టీచర్," అంది మౌనవ్రతం, ఇంకా నిలబడే ఉండి. ఆ పిల్లను కూర్చోమని చెప్పడం అందరూ మర్చిపోయారు.

ఎగ్జామినరు ఎక్కువ రాయలేదు. బయటి సాయంతో మోసం, అనుత్తీర్ణం. సంతకం చేసి, ముఖంలో ఏ భావమూ లేకుండా సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. ఆ సంతకానికి అప్పీలు లేదని కాలేజీలో అందరికీ తెలుసు.

ఆమె వరండాలోకి వచ్చింది. ఆరో తరగతి కిటికీలోంచి టక్కు కనిపించాడు. చేతినిండా సుద్ద, చొక్కా చక్కగా లోపలే, బోర్డు మీద భిన్నాలు చెబుతున్నాడు. ఆ గదిలో కంప్యూటరే లేదు. ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు. క్షమించమని అడగడానికి కూడా ఆమెకు ఓపిక లేకపోయింది.

మరి ఎవరు? కాళ్లు వాటంతటవే స్టాఫ్ రూమ్ వైపు నడిచాయి. గుమ్మం దగ్గర ఆగిపోయింది. సైన్సు మాస్టారు కళ్లజోడు ముక్కు చివరకు దించుకుని, పక్కన పాఠ్యపుస్తకం తెరిచి పెట్టుకుని, ఒక్క వేలితో మీటలు నొక్కుతున్నారు. నొక్కిన ప్రతిసారీ తెర మీద ఒక గీత తిన్నబడుతోంది. తెర పైమూల, ఆయన కోసం ఆమె తెరిచి మూయకుండా వదిలిన తన ఖాతా పేరు అలాగే ఉంది.

ఆయన తలెత్తి చూసి మొహమంతా వెలిగించుకున్నారు. "అయిపోయిందా తల్లీ? నేను సమయానికి చూశాను గనక సరిపోయింది."

ఆమె ఎదురు కుర్చీలో కూర్చుంది. గోడమీద జరిగినదీ, ఎగ్జామినరు రాసినదీ ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పింది. వింటూ వింటూ మాస్టారి వేలు మీట మీదే ఆగిపోయింది. చివరికి ఆమె ఒక్కటే అడిగింది.

"నిన్న సాయంత్రం కూడా మీరేనా మాస్టారూ?"

ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"నేనేనమ్మా. నిన్నా నేనే, ఇవాళా నేనే. నిన్న మీరంతా వెళ్లాక చూస్తూ కూర్చున్నాను. ఒకడిది దిగిపోతోంది, ఒకత్తెది ఎటో పోతోంది, ఆ పిల్లది అసలు లేవనే లేదు. తెల్లారితే ఎగ్జామినరు. నా సర్వీసంతా ఇదే చేశాను తల్లీ. ప్రాక్టికల్స్ ముందురోజు పిల్లల రికార్డులన్నీ ముందేసుకుని, రీడింగులు పుస్తకంలో ఉన్నట్టు దిద్దేవాణ్ని. అందరు మాస్టర్లూ దిద్దేవాళ్లు. వచ్చే ఎగ్జామినర్లకూ తెలుసు, వాళ్లూ మాస్టర్లేగా. పోయినేడు నీకలా చేసిపెట్టే దిక్కు లేకనే తప్పావనుకున్నాను. అందుకే పుస్తకం తీసి, ఏ రోజుకు మొక్క ఎంతుండాలో చూసి, నువ్వు నేర్పినట్టే ఒక్కొక్క గడిలో కొట్టాను. నీకు చెప్పలేదు. ఇలాంటివి ఎవరూ చెప్పి చెయ్యరమ్మా. ఇవాళ పాఠం మొదలయ్యాక తెరిచి చూస్తే అన్నీ మళ్లీ పాతవే. నేనేదో నొక్కకూడనిది నొక్కి పాడుచేశాననుకున్నాను. నిన్ను పిలుద్దామంటే లోపలికి రాకూడదు. గబగబా మళ్లీ మొదలుపెట్టాను. ముందు ఆ పిల్లదే కొట్టాను, పదిమందిలో దాని గీత అలా పడుంటే చూడలేక. ఇప్పుడే కాలేజీకి వెళ్తాను, ఆవిడకి చెబుతాను, రాసివ్వమంటే రాసిస్తాను. కానీ ఏమని చెప్పను? బయట కూర్చున్నది నేనే. సాయం చేద్దామనే చేశాను. ఆవిడ రాసింది అబద్ధమని ఏ నోటితో చెప్పను తల్లీ?"