నోటికి రాని మాట

మా నాన్న నాకు బ్రహ్మచారి అని పేరు పెట్టాడు. ముగ్గురు పిల్లల తండ్రినయ్యాక కూడా సూరత్‌లో అందరూ నన్ను అలాగే పిలుస్తారు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వడోద్ పేటలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నాది. పదేళ్లలో నేను నేర్చుకున్న వైద్యం ఒక్కటే: జబ్బు ఏదైనా మందు ఫార్మాట్. డిస్కు తుడిచేసి, అన్నీ మళ్లీ ఎక్కించి, చేతులు దులుపుకోవడం. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పడానికి నాకు నోరు రాదు.

కరోనా రెండో వేవ్ తగ్గుతున్న రోజుల్లో సంధ్యారాణి వచ్చింది. ఒక చేతికి కూతురు మనోజ్ఞ, ఇంకో చంకలో సీపీయూ, మూతికి రెండు మాస్కులు. ఆమె భర్త చీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. ఏప్రిల్‌లో పోయాడు.

"అన్నా, ఇది షురూ అయితలేదు. నల్లగయ్యి ఆగుతున్నది. మనోజ్ఞ బాపు పన్నెండు దినాలు అర్ర తలుపేసుకొని ఒక్కడే ఉన్నడు. దవాఖానకు పోయే ముందుగాల, బిడ్డకు నాలుగు మాటలు చెప్పి గిందుల పెట్టిన అన్నడు. దవాఖానల ఆయన ఫోను గూడ దొరకలే. పోరికి మూడేండ్లు. బాపు గొంతు మరిచిపోతున్నదన్నా."

విప్పి చూశాను. మిషన్ మొదలయ్యే భాగం చెడిపోయింది. దాన్ని సరిచేస్తే పాస్‌వర్డ్ అడిగింది. డిస్కు మొత్తానికి తాళం వేసి ఉంది. సూరత్‌లో పొద్దున గీసిన పువ్వు సాయంత్రానికి ఎవడి చీర మీదో పూస్తుంది, అందుకే డిజైన్ల వాళ్లకు ఆ జాగ్రత్త. సరైన మాట కొడితే తప్ప ఆ తాళం తెరుచుకోదు.

"ఏం మాటనో చెప్పిండా చెల్లె?"

"తలుపు ఇవతల నిలవడి అడిగిన. నీకు ఎరుకైన మాటనే, నీ నోటికే రాదు అని నవ్విండు. గంతల్నే దగ్గొచ్చింది."

నోటికి రాదంటే ఇంగ్లిషు మాటే అనుకున్నాం ఇద్దరమూ. ఆమె చదివింది ఏడో తరగతి. నేను దుకాణం పెట్టిన తెలివిగలవాణ్ణి. కష్టమైన ఇంగ్లిషు మాటలన్నీ ఏరి వారం పాటు కొట్టాం. ఒక్కటీ పడలేదు.

ఎనిమిదో రోజు ఆమె లేనప్పుడు, ఇంకో దారి ఉందేమోనని డిస్కు ఊడదీసి నా మిషన్‌కు తగిలించాను. ఇలాంటి డిస్కును ముట్టుకునే ముందు దానికి నకలు తీసి పెట్టుకోవాలి. ఈ పనిలో అది ఓనమాలు. బద్ధకించి తీయలేదు. "ఈ డిస్కు చదవడానికి రావడం లేదు, ఫార్మాట్ చేయమంటారా?" అని తెర అడిగింది. పదేళ్ల అలవాటు, వేలు ఎంటర్ నొక్కేసింది. డిస్కు మొదట్లోనే తాళం తాలూకు లెక్క ఉంటుంది. అది చెరిగిపోయింది. ఇక అసలు మాట దొరికినా తెరుచుకోదు.

డిస్కును మళ్లీ సీపీయూ డబ్బాలో బిగించేశాను. ఆమెకు నిజం చెప్పలేదు. "పాస్‌వర్డ్ తేవాలె చెల్లె, అది లేకుంటే దేవునితోని గూడ కాదు" అన్నాను. ఆమెకు ఎలాగూ దొరకదులే అని ధైర్యం.

డిసెంబరులో పరుగున వచ్చింది. మాస్కు గదవ కిందికి జారిపోయి ఉంది.

"దొరికిందన్నా! నవాగామ్‌ల లగ్గానికి పోయిన. పెండ్లికొడుకు అక్కచెల్లెండ్లు గడప కాడ అడ్డం నిలవడి, మొగని పేరు చెప్తెనే లోపటికి రానిస్తం అని పిల్లను సతాయించిన్రు. నా లగ్గం యాదికొచ్చింది. నేను చెప్పలే. ఆళ్ల చేతుల కిందికెళ్లి దూరి లోపటికి ఉరికిన. ఇన్నేండ్లు గదే పట్టుకొని ఎక్కిరిచ్చిండు. నా నోటికి రానిది ఇంగ్లీషు కాదన్నా."

మా ఇళ్లలో పెళ్లాం మొగుడి పేరు పలకదు, ఆయుష్షు తగ్గుతుందంటారు. మా ఆవిడ కూడా నన్ను పెద్దోడి బాపు అనే పిలుస్తుంది. అయినా ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు.

"రాసియ్యి చెల్లె" అన్నాను.

"వద్దన్నా, చెప్త. ఇంక దేనికి భయం?" గోడవైపు చూసి, "అంబదాస్" అంది. పెళ్లయిన పదేళ్లకు మొదటిసారి. మళ్లీ అంది, కొంచెం గట్టిగా, మూసిన తలుపు అవతల మనిషిని పిలిచినట్టు.

మానిటర్ నావైపు తిప్పుకున్నాను. తెర మీద పాస్‌వర్డ్ అడిగే గడి కూడా లేదు. అయినా ఒక్కో అక్షరమే కొట్టాను. అదే మాటని నాకు అనుమానం లేదు.

"బాపు మాట్లాడ్తడా?" అని మనోజ్ఞ బల్ల పట్టుకుని మునివేళ్ల మీద లేచింది.

చెప్పాల్సింది అప్పుడే. నాకు దమ్ము లేకపోయింది. సిగ్గులేని పిరికివాణ్ణి.

"కాదు చెల్లె. గిది కాదు."

ఆమె ఆ డబ్బా మీద చెయ్యి వేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆనాడు గడప కాడ చెప్పకపోతి గదా" అంది మెల్లగా. "మనసు కష్టపెట్టుకొని వేరే మాట పెట్టిండేమో."

కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగబోతూ ఆగింది. "డబ్బను జర భద్రంగ ఉంచన్నా. ఆయనకు నేను ఇంకేం మాట చెప్పలేదో యాది చేసుకొని మల్ల అస్త."

అప్పటినుంచి వారం వారం వస్తోంది. ఒక్కో మాట చెబుతుంది. నేను కొడుతున్నాను.