గంట ట్యూషన్‌కి ఆరువందల బందులు

ట్యూషన్ మాస్టారు గంటకు అడిగిన డబ్బు రావాలంటే నేను ఆరువందల తలుపు బందులు కొట్టాలి. రేకు నొక్కి బందులు చేసే మా ప్రెస్సు మీద గంటకు నాలుగువందలకు మించి పడవు. రెండు చేతులతో రెండు మీటలూ ఒకేసారి నొక్కితేనే అచ్చు దిగుతుంది. చేతులు నలగకుండా అలా పెట్టారు. ఎడమ మీటను తీగతో కట్టేస్తే ఒక చెయ్యి ఖాళీ అవుతుంది, రేకు త్వరగా అందించొచ్చు, ఆరువందలు పడతాయి. పాతవాళ్ళందరం కడతాం. మేస్త్రీ చూసీ చూడనట్టు పోతాడు. డ్యూటీ దిగిపోయేటప్పుడు తీగ విప్పాలి. మాలో మాకున్న కట్టుబాటు అదొక్కటే.

నేను ఆరో క్లాసులో బడి మానేశాను. మా అమ్మాయి పదికొచ్చింది. లెక్కల్లో గట్టెక్కితే పై చదువు, లేకపోతే నా పక్క ప్రెస్సు.

ఒక సాయంత్రం ఇంటి తాళంచెవి నా దగ్గరుండిపోయింది. తలుపు మూసి ఉండి మాస్టారు బయట నిలబడ్డా గంట గంటే. అందుకని పరుగెత్తాను. తీగ విప్పలేదు.

నా తర్వాత ఆ ప్రెస్సు ఎక్కేది నా బావమరిది. చేరి ఎనిమిది నెలలు, ఇంకా తీగ కట్టే ధైర్యం రాలేదు. ఎడమ మీట కట్టేసి ఉందని చూసుకోలేదు. వంకరగా పడిన రేకును ఎడమచేత్తో సరిచేస్తుంటే కుడి మోచెయ్యి మీటకు తగిలింది. మూడు వేళ్ళు పోయాయి. తొడుగు కోసి తీస్తే ఒక వేలు అందులోనే ఉండిపోయిందట. ఆఫీసువాళ్ళు మాత్రం తీగ వాడే కట్టుకున్నాడని రాసుకున్నారు. అలా రాస్తే పైసా పరిహారం ఇవ్వక్కర్లేదు. నేను నోరు మెదపలేదు.

ఆరో రోజు ట్యూషన్ వేళకు వాడు వచ్చాడు, చేతికి మోచేతిదాకా కట్టు.

"బావా, తీగ నీది కదూ?"

"పాప చదువుకుంటోందిరా. మెల్లిగా మాట్లాడు."

వాడు కుడిచేత్తో నా మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి నాలుక మీద పడింది. కింద పడితే డొక్కలో తన్నాడు, లేవబోతే జుట్టు పట్టుకుని తల తలుపుచెక్కకేసి కొట్టాడు. మాస్టారు పుస్తకం మూసి లేచాడు.

"మీరు కూర్చోండి సార్, ఆపకండి," అన్నాను నెత్తురు ఉమ్మి. "ఈ దెబ్బలు ఊరికే వస్తున్నాయి. మీ గంటే ఖరీదు."

"విన్నారా మాస్టారూ," అన్నాడు బావమరిది రొప్పుతూ. "నా వేళ్ళు కూడా వీడికి ఊరికే వచ్చాయి." నా గొంతు పట్టుకున్నాడు. "రేపు నా ఫైలు మూసేస్తున్నారు. పొద్దున్నే వెళ్ళి నిజం చెప్పు."

"చెబితే నా పని పోతుంది. పది రోజుల్లో దానికి పరీక్ష. అంతవరకు ఆగు."

"పది రోజులాగితే నాకు వేళ్ళు మొలుస్తాయా?"

అప్పుడు అమ్మాయి నోట్సు మూసింది. "మాస్టారూ, రేపట్నించి రావద్దండి," అంది. తర్వాత వాడికేసి తిరిగి, "మావయ్యా, నాన్న రాకపోతే నేనొచ్చి చెబుతా," అంది.

నా చెయ్యి లేచింది. పుట్టి పదిహేనేళ్ళలో దాన్ని ఎప్పుడూ కొట్టలేదు. ఆ చెంపదెబ్బకు కుర్చీతో సహా పక్కకు పడింది. పెదవి చిట్లింది.

"ఆడపిల్ల మీదా నీ ప్రతాపం," అని బావమరిది కోపంలో కట్టున్న చేత్తోనే నన్ను కొట్టాడు. కొట్టి, ఊపిరాడనట్టు నోరు తెరిచి నేలమీద కూలబడ్డాడు. కట్టు ఎర్రబడుతూ వచ్చింది. అమ్మాయి నన్ను దాటుకుని వెళ్ళి వాడి చెయ్యి ఎత్తి పట్టుకుంది.

మాస్టారు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, "ఇవాళ్టిది పూర్తి గంట కిందే లెక్కండీ," అన్నాడు.

పొద్దున ఆఫీసుకెళ్ళి, తీగ నేనే కట్టానని చెప్పాను. మంచితనంతో కాదు, నేను చెప్పకపోతే ఆ చిట్లిన పెదవితో అమ్మాయి వచ్చేది. మధ్యాహ్నానికి నన్ను గేటు బయటికి గెంటారు. వాడి ఫైలు మూయలేదు.

పరీక్ష దాకా ఆ తొమ్మిది రోజులు నాకు పని లేదు. అమ్మాయి ఒక్కతే కూర్చుని లెక్కలు చేసుకుంది. నేను పక్కన కూర్చుంటే పుస్తకం అటు తిప్పుకునేది.